బాగుండదు, అయినా కావాలి: ఖర్రా, సారా మెదడును ఎలా పట్టుకుంటాయి

సిరొంచలో ఖర్రా (వక్క, పొగాకు, సున్నం కలిపి రుద్దింది) నమిలే మనిషిని ఎవరినైనా ఆపి, "ఇది అంత బాగుంటుందా?" అని అడిగి చూడండి. కొత్తగా మొదలుపెట్టిన కుర్రాడైతే తలూపుతాడు. ఏళ్ల తరబడి నములుతున్నవాళ్లు మాత్రం "బాగుండుడేంది, అలవాటైంది. లేకుంటే పానం ఊకోదు" అంటారు. కారం తగిలితే నోరు మండిపోతోందని వాళ్లకు తెలుసు. నోరు మునుపటిలా తెరుచుకోవడం లేదనీ తెలుసు. రోజుకూలిలో ఎంత దీనికి పోతోందో ఇంట్లోవాళ్ల కంటే వాళ్లకే బాగా తెలుసు. అయినా పొద్దున లేవగానే చెయ్యి జేబులోకి పోతుంది.

ఇంట్లోవాళ్లు "సిగ్గు లేదు, బుద్ధి లేదు" అని తిడతారు. తిట్టేవాళ్ల బాధ నిజమైనదే. కానీ గత 70 ఏళ్లలో మెదడు గురించి తెలిసినదంతా చూస్తే, ఆ తిట్టు కన్నా ఆ మనిషి ఇచ్చిన జవాబే నిజానికి దగ్గరగా ఉంది. బాగుండటం వేరు, కావాలనిపించడం వేరు. మెదడులో ఈ రెంటికీ వేర్వేరు ఏర్పాట్లున్నాయి. మత్తు పదార్థాలు గట్టిగా పట్టుకునేది రెండోదాన్ని. ఈ సంగతి సరిగ్గా అర్థమైతే వ్యసనం గురించి మనల్ని విసిగించే ప్రశ్నల్లో సగం విడిపోతాయి.

సిరొంచ మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేది ఇక్కడే, అవతలి ఒడ్డున కాళేశ్వరం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో వాటితోపాటు గోండీ, మాడియా వినిపించే ప్రాంతం. జనం ఏళ్ల తరబడి పోరాడితే 1993లో గడ్చిరోలి జిల్లాలో మద్యం నిషేధించారు. అదే ఏడాది, దూబగుంట ఆడవాళ్లతో మొదలైన ఉద్యమం ఫలితంగా ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. అక్కడ ఆ తర్వాత తెచ్చిన సంపూర్ణ నిషేధాన్ని 1997లో ఎత్తేశారు, ఇక్కడ మాత్రం కొనసాగింది. కానీ వంతెన దాటితే తెలంగాణ వైన్‌షాపులు. ఇవతల అడవి నిండా ఇప్పచెట్లు. గుట్కాను మహారాష్ట్ర 2012లో నిషేధించింది. ఖర్రా మాత్రం పాన్‌ఠేలాల్లో, కిరాణా కొట్లలో నడుస్తూనే ఉంది. అందుకే ఇక్కడివాళ్లకు ఈ విషయం పాఠ్యపుస్తకంలోది కాదు, ఇంట్లోది.

పాన్‌ఠేలా దగ్గర కాసేపు నిలబడితే ఖర్రా తయారీ అంతా కనిపిస్తుంది. ప్లాస్టిక్ కాగితం పరిచి, దాని మీద చిన్నచిన్న ముక్కలుగా కొట్టిన వక్క వేస్తారు. ఆపైన పొగాకు, ఆపైన తడి సున్నం. కాగితాన్ని మడిచి, బల్ల మీద పెట్టి అరచేత్తో గట్టిగా రుద్దుతారు. వక్క వెచ్చబడి, తేమ పట్టి, పొగాకూ సున్నమూ దానికి పూర్తిగా పట్టేదాకా రుద్దడం ఆగదు. తర్వాత అదే ప్లాస్టిక్‌లో ముడేసి చేతికిస్తారు.

అందులో సున్నం రుచి కోసం వేసింది అనుకుంటాం. అసలు పని అది చేసేదే. పొగాకులోని నికోటిన్ చాలావరకు విద్యుదావేశం ఉన్న రూపంలో ఉంటుంది. ఆ రూపంలో నోటి లోపలి పొరను సులువుగా దాటలేదు. సున్నం క్షారం కాబట్టి అది కలవగానే నికోటిన్‌లో ఎక్కువ భాగం ఆవేశం లేని రూపానికి మారుతుంది, బుగ్గ లోపలి పొరలోంచి నేరుగా రక్తంలోకి దిగుతుంది. మింగితే ముందు కాలేయానికి పోయి చాలావరకు అక్కడే విరిగిపోయేది. బుగ్గలోంచి దిగినదానికి ఆ అడ్డు లేదు. సిగరెట్టు పొగలోని నికోటిన్ 10 నుంచి 20 సెకన్లలో మెదడుకు చేరుతుంది. ఖర్రాది అంత వేగం కాదు, మెల్లగా ఎక్కుతుంది, కానీ బుగ్గన ఉన్నంతసేపూ ఎక్కుతూనే ఉంటుంది.

వక్క కూడా అమాయకమైనది కాదు. అందులో అరెకోలిన్ అనే మరో ఉత్తేజక పదార్థం ఉంది. అంటే ఒక పొట్లంలో రెండు మందులు. నోరు బిగుసుకుపోవడానికి ముఖ్య కారణం కూడా వక్కే. పొగాకు కలవని ఒట్టి వక్క సైతం మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే ప్రకటించింది. "పొగాకు లేదు కదా, తీపి సుపారీనే కదా" అని పిల్లల చేతిలో పెట్టే పెద్దలను చూస్తే నాకు మనసు కలుక్కుమంటుంది.

ఇక మెదడులోకి వద్దాం. నాడీకణాలు ఒకదానికొకటి కబురు పంపడానికి రసాయనాలు విడుస్తాయి. ఎదుటి కణం మీది గ్రాహకాలు వాటిని అందుకుంటాయి. అలాంటి రసాయనాల్లో ఎసిటైల్‌కోలిన్ ఒకటి. నికోటిన్ దాని గ్రాహకాల్లో కొన్నింటికి అచ్చంగా అతుక్కుంటుంది, మెదడు తానే కబురు పంపిందన్నట్టు కణాన్ని లేపుతుంది. ఆ గ్రాహకాలు మెదడులో చాలాచోట్ల ఉన్నాయి, కానీ వ్యసనానికి కీలకమైనవి మధ్య మెదడులోని ఒక చిన్న కణాల గుంపు మీద ఉన్నాయి. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటే, అక్కడ డోపమైన్ అనే మరో కబురు రసాయనాన్ని తయారుచేసేవి కొన్ని లక్షలు మాత్రమే. వాటిలో ఒక భాగం తమ పోగులను ముందుకు, న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే చోటికి పంపుతాయి. నికోటిన్ తగలగానే ఆ కణాలు రేగి అక్కడ డోపమైన్ కుమ్మరిస్తాయి.

ఆ డోపమైన్ కణాలను అదుపులో ఉంచే కణాలు పక్కనే ఉంటాయి. అవి గాబా అనే రసాయనం విడిచి, బ్రేకు వేస్తుంటాయి. నికోటిన్ మొదట ఈ బ్రేకు కణాలనూ లేపుతుంది. కానీ వాటి మీది గ్రాహకాలు త్వరగా మొద్దుబారిపోతాయి. దాంతో బ్రేకు వదులవుతుంది, డోపమైన్ కణాలు మాత్రం రేగుతూనే ఉంటాయి. కొద్దిపాటి నికోటిన్ ప్రభావం అంతసేపు నిలవడానికి ఇదొక కారణం.

మిగతా మత్తులు కూడా, ఒక్కోటి ఒక్కో తీరున, చివరికి ఇక్కడికే వస్తాయి. నల్లమందు, హెరాయిన్ ఆ బ్రేకు కణాలనే పడుకోబెడతాయి. గంజాయిలోని టీహెచ్‌సీ కూడా బ్రేకు కబురును తగ్గిస్తుంది. కొకైన్ అయితే, విడుదలైన డోపమైన్‌ను కణం తిరిగి లోపలికి లాక్కోకుండా అడ్డుపడుతుంది. ఇప్పసారా అయినా, బ్రాండు సీసా అయినా లోపల ఉండేది అదే ఆల్కహాల్. అది ఒకేసారి చాలాచోట్ల వేలు పెడుతుంది. గాబా పనిని పెంచుతుంది, గ్లుటమేట్ అనే ఉత్తేజక రసాయనాన్ని అణచివేస్తుంది, మెదడు సొంతంగా తయారుచేసుకునే ఎండార్ఫిన్లను విడిపించి వాటి ద్వారా డోపమైన్‌ను పెంచుతుంది. మనుషులు వ్యసనపడే పదార్థాలు ఇంత వేర్వేరుగా ఉన్నా, తాము పరీక్షించినవన్నీ అక్యుంబెన్స్‌లో డోపమైన్‌ను పెంచుతున్నాయని ఇటలీకి చెందిన డి కియారా, ఇంపెరాటో 1988లో ఎలుకల మీద కొలిచి చూపించారు.

ఇక్కడిదాకా వచ్చినవాళ్లు చాలామంది "అంటే డోపమైనే ఆనంద రసాయనం" అని తేల్చేస్తారు. పత్రికల్లోనూ అలాగే రాస్తుంటారు. ఒకప్పుడు శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. 1954లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఓల్డ్స్, మిల్నర్ ఎలుకల మెదడులో సన్నని తీగలు అమర్చారు. మీట నొక్కితే అక్కడ కొద్దిగా కరెంటు తగిలేలా ఏర్పాటు చేశారు. ఎలుకలు ఆ మీటను ఆపకుండా నొక్కాయి. మెదడులోని సుఖస్థానం దొరికిందని అందరూ సంబరపడ్డారు. కానీ ఎలుక నొక్కుతోందంటే దానికి సుఖంగా ఉందనేనా? నొక్కాలనిపించడం మాత్రమే కావచ్చు కదా? ఆ అనుమానం గట్టిపడటానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది.

మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్, టెరీ రాబిన్‌సన్ ఆ పని చేశారు. ఎలుక నోట్లో తీపి చుక్క వేస్తే నాలుక బయటపెట్టి చప్పరిస్తుంది. చేదు వేస్తే నోరు ఒంకర పెడుతుంది. చంటిపిల్లలూ అంతే. ఈ ముఖ కవళికలతో ఇష్టాన్ని కొలవొచ్చు. మెదడులో డోపమైన్‌ను దాదాపు పూర్తిగా తీసేసిన ఎలుకలు తమంతట తాము తిండి ముట్టలేదు. పక్కనే తిండి ఉన్నా ఆకలితో చచ్చేవే. కానీ నోట్లో తీపి చుక్క వేస్తే మాత్రం మామూలుగానే చప్పరించాయి. అంటే రుచి తెలుస్తోంది, బాగుంటోంది. దాని కోసం కదలాలన్న ఆరాటమే పోయింది. డోపమైన్ ఆ ఆరాటానికి సంబంధించినది. రుచిగా, హాయిగా అనిపించడంలో మెదడు సొంత నల్లమందు లాంటి ఎండార్ఫిన్ల పాత్ర ఎక్కువ.

మనుషుల్లోనూ దీనికి సాక్ష్యముంది. వణుకుడు జబ్బు, అంటే పార్కిన్‌సన్స్‌కు డోపమైన్‌లా పనిచేసే మందులిస్తారు. వాటిని వాడేవాళ్లలో కొందరికి, అంతకుముందు పేకముక్క ముట్టనివాళ్లకు సైతం, ఉన్నట్టుండి జూదం పిచ్చి పట్టుకుంటుంది. మందు తగ్గిస్తే చాలామందిలో పోతుంది. వాళ్ల గుణం మారలేదు, మందు మోతాదు మారింది.

స్విట్జర్లాండ్‌లో వోల్ఫ్రామ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన పని ఇంకో ముక్కను జోడిస్తుంది. కోతికి ఊహించని పళ్లరసం చుక్క దొరికితే డోపమైన్ కణాలు రేగాయి. ప్రతిసారీ రసానికి ముందు ఒక దీపం వెలిగిస్తూ పోతే, కొన్నాళ్లకు ఆ కణాలు రసానికి స్పందించడం మానేసి దీపానికే రేగడం మొదలుపెట్టాయి. దీపం వెలిగి రసం రాకపోతే మామూలు కన్నా తగ్గిపోయాయి. అంటే ఈ కణాలు చూసేది అనుకున్నదానికీ దొరికినదానికీ మధ్య తేడా. అనుకున్నదానికన్నా ఎక్కువ దొరికితే "ఇది గుర్తుపెట్టుకో, మళ్లీ ఇటే రా" అని మెదడుకు నేర్పుతాయి. అన్నం, నీళ్లు, మాట, తోడు అన్నీ ఇలాగే నేర్చుకుంటాం. అలవాటైన సుఖం దగ్గర ఆ పాఠం ఆగిపోతుంది, కొత్తగా నేర్చుకునేదేమీ ఉండదు కాబట్టి.

మత్తు దగ్గరే ఇది తలకిందులవుతుంది. ఖర్రా అయినా, సారా అయినా డోపమైన్‌ను నేరుగా రసాయనంతో పెంచుతుంది. వెయ్యోసారి వేసుకున్నా "అనుకున్నదానికన్నా ఎక్కువే దొరికింది" అన్న కబురే మెదడుకు పోతుంది. ఆగాల్సిన పాఠం ఆగదు. నాకు తెలిసిన వివరణల్లో అన్నిటికన్నా బలంగా అనిపించేది ఇదే: నోటికి సుఖం ఎప్పుడో తగ్గిపోయినా, మెదడు మాత్రం ఆ పొట్లం ఇంకా ఇంకా విలువైనదని నేర్చుకుంటూనే పోతుంది.

పొట్లం ఒక్కదాన్నే కాదు, దాని చుట్టూ ఉన్నవాటినీ నేర్చుకుంటుంది. పాన్‌ఠేలా, ప్లాస్టిక్ చప్పుడు, భోజనం అయ్యాక చేతులు కడుక్కోవడం, తునికాకు కల్లం దగ్గర కట్టలు లెక్కపెట్టి డబ్బు చేతిలో పడే సాయంత్రం, కలిసి నమిలే దోస్తు ముఖం. ఇవన్నీ ఆ కోతి ముందు వెలిగిన దీపాలే. వరసకు నాకు కాకా అయ్యే ఒకాయన కొడుకు దగ్గరికని పుణే పోయి వానాకాలమంతా అక్కడే ఉన్నాడు. మొదటి వారం చిరాకు, తలనొప్పి. తర్వాత ఖర్రా గుర్తు కూడా రాలేదన్నాడు, తాను మానేశానని ఫోన్లు చేసి మరీ అందరికీ చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు ఆలాపల్లి దాటిందో లేదో, బస్సులోనే నోట్లో నీళ్లూరాయట. సిరొంచ బస్టాండులో దిగి సంచి కింద పెట్టక ముందే పొట్లం కొన్నాడు. ఇంటిల్లిపాదీ ఆయన్ని తిట్టారు. "నేను కొనాలనుకోలే, చెయ్యి కొన్నది" అన్నాడాయన. ఎవరూ నమ్మలేదు. నేను నమ్ముతాను.

వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికుల విషయంలో ఇదే సంగతి పెద్ద ఎత్తున కనబడింది. 1971 నాటికి అక్కడున్న సైనికుల్లో ఇంచుమించు ప్రతి ఐదుగురిలో ఒకరు హెరాయిన్ వంటి మత్తుకు బానిసలై ఉన్నారు. ఇళ్లకు చేరాక మొదటి ఏడాదిలో వాళ్లలో తిరిగి బానిసలైనవాళ్లు సుమారు 5 శాతమేనని లీ రాబిన్స్ బృందం తేల్చింది. ఆ చోటూ, ఆ మనుషులూ, ఆ భయమూ వెనకే ఉండిపోయాయి. మన ఊళ్లలో మానాలనుకునేవాడికి ఆ వెసులుబాటు లేదు. పాన్‌ఠేలా దాటకుండా పనికి పోలేడు.

రుచి చూసినవాళ్లంతా బానిసలైపోరు, అది కూడా చెప్పుకోవాలి. అమెరికాలో 1994లో వచ్చిన ఒక పెద్ద సర్వే ప్రకారం, ఎప్పుడైనా వాడినవాళ్లలో వ్యసనపరులైనది పొగాకుకు 32 శాతం, హెరాయిన్‌కు 23, మద్యానికి 15, గంజాయికి 9. ఈ జాబితాలో అన్నిటికన్నా పైనున్నది అన్నిటికన్నా సులువుగా దొరికే పొగాకే. ఎవరు చిక్కుకుంటారన్నదాంట్లో దాదాపు సగం వంశపారంపర్యంగా వచ్చే జన్యువులది. మిగతాది వయసు, చుట్టుపక్కలు, మనసులోని బాధలు. ముందువెనుకలు ఆలోచించి ఆపే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి 25 ఏళ్ల దాకా పడుతుంది. బడి వయసులో ఖర్రా పట్టిన పిల్లవాడికి పాఠం నేర్చే భాగం సిద్ధంగా ఉంది, ఆపే భాగం ఇంకా తయారుకాలేదు.

ఇంత డోపమైన్ పదేపదే కుమ్మరిస్తుంటే మెదడు ఊరుకోదు, సర్దుకుంటుంది. ఏళ్లుగా కొకైన్, మద్యం వాడినవాళ్ల మెదడు స్కానుల్లో ఒక రకం డోపమైన్ గ్రాహకాలు తక్కువగా ఉండటాన్ని నోరా వోల్కో, ఇతరులు చూశారు. దాంతో మామూలు సంతోషాలు చప్పబడతాయి. పిల్లల ఆట, పండగ, మంచి కూర ఏదీ పట్టదు. మరోపక్క ఒత్తిడిని పుట్టించే రసాయనాలు పెరుగుతాయి. పొద్దున లేచిన మనిషికి చిరాకు, టెన్షన్. ఖర్రా వేసుకుంటే అది తగ్గుతుంది. తనకు ఖర్రా నెమ్మదినిస్తోందని అనుకుంటాడు. నిజానికి రాత్రంతా నికోటిన్ అందక పుట్టిన చిరాకునే అది తీరుస్తోంది.

మద్యంలో ఈ సర్దుబాటు ప్రమాదకరం. దీని గురించి మన దగ్గర తెలిసినవాళ్లు చాలా తక్కువ. రోజూ ఎక్కువగా తాగే మనిషి మెదడు, ఆల్కహాల్ పెంచుతున్న గాబా బ్రేకును తన వంతుగా తగ్గించుకుంటుంది, అణగిపోయిన గ్లుటమేట్‌ను పెంచుకుంటుంది. ఉన్నట్టుండి తాగుడు ఆపితే బ్రేకు ఉండదు, ఉత్తేజం మాత్రం పూర్తిగా ఉంటుంది. కొన్ని గంటల్లో చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో మూడో రోజుకు కొందరికి లేనివి కనిపిస్తాయి, ఎవరు ఎవరో తెలియదు, జ్వరం, గుండెదడ. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పెట్టి మద్యం దుకాణాలు ఒక్కసారిగా మూసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటివాళ్లు వరసకట్టారు. ఊళ్లో ఇలా అయితే గాలి సోకిందని, దయ్యం పట్టిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోయి విలువైన రోజు పోగొట్టుకుంటారు. పొద్దున్నే తాగితే గానీ చేతి వణుకు ఆగని మనిషిని గదిలో పెట్టి గొళ్లెం వేసి మాన్పించకూడదు. డాక్టరు చేతుల మీదుగా, గాబాకు ఆసరా ఇచ్చే మందులతో, బీ1 విటమిన్‌తో, కొన్ని రోజుల్లో మెల్లగా దించాలి.

మద్యనిషేధం వద్దని నేను అనను. దొరకడం కష్టమైతే కొత్తగా చిక్కుకునేవాళ్లు తగ్గుతారు, దీపాలు వెలిగే చోట్లు తగ్గుతాయి. ఇక్కడి ఆడవాళ్లు ఆ నిషేధాన్ని ఎంత కష్టపడి నిలుపుకున్నారో తెలిసినవాళ్లెవరూ దాన్ని చులకన చేయరు. అయితే ఇప్పటికే మెదడు మారిపోయినవాళ్లకు నిషేధం ఒక్కటే చాలదు, వైద్యం కావాలి. గడ్చిరోలిలో ప్రభుత్వం, అభయ్ బంగ్, రాణీ బంగ్‌లు నెలకొల్పిన సెర్చ్ సంస్థ, టాటా ట్రస్టులు కలిసి 2016లో మొదలుపెట్టిన ముక్తిపథ్ కార్యక్రమం ఈ రెండు పనులూ చేయాలనే వచ్చింది. కానీ సిరొంచ నుంచి జిల్లా కేంద్రం దాదాపు 200 కిలోమీటర్లు. వణుకుతున్న మనిషిని బస్సులో అంత దూరం తీసుకుపోవడం ఎంత కష్టమో ఇక్కడివాళ్లను అడగండి. దించే మందులు, నికోటిన్ గమ్ములు అంకీసా, అసరెల్లి లాంటి ఊళ్లకు దగ్గర్లో దొరకాలి.

మెదడు ఎలా చిక్కుకుందో తెలిసినందువల్లే ఈ చికిత్సలు పుట్టాయి. నికోటిన్ గమ్ము, పట్టీ అదే నికోటిన్‌ను కొద్దికొద్దిగా, ఒక్కసారి ఎగదోయకుండా అందిస్తాయి. చిరాకు తగ్గుతుంది, అదే సమయంలో ఠేలాతో, పొట్లంతో ఉన్న ముడి మెల్లగా వదులవుతుంది. వారెనిక్లిన్ అనే మాత్ర అవే గ్రాహకాలకు అతుక్కుని వాటిని సగమే లేపుతుంది, పైగా నికోటిన్‌కు చోటివ్వదు. మద్యానికి వాడే నాల్‌ట్రెక్సోన్ ఎండార్ఫిన్ల గ్రాహకాలను మూసేస్తుంది. తాగినా మునుపటి కిక్కు రాదు కాబట్టి కొందరిలో ఆరాటం తగ్గుతుంది. ఇవన్నీ డాక్టరు చెప్పినట్టే వాడాలి.

మానేసినవాళ్లకు ఒక మంచి కబురు ఉంది. సిగరెట్టు తాగేవాళ్ల మెదడులో నికోటిన్ గ్రాహకాలు మామూలు కన్నా పెరిగి ఉంటాయి. మానేశాక 6 నుంచి 12 వారాల్లో అవి తాగనివాళ్ల స్థాయికి వస్తాయని స్కానులతో చూశారు. ఖర్రాలో ఉన్నదీ అదే నికోటిన్. మొదటి వారం అన్నిటికన్నా గడ్డుది, నాలుగో వారానికి చిరాకు చాలావరకు పోతుంది. మధ్యలో వచ్చే ఒక్కో ఆరాటం కొన్ని నిమిషాలే ఉంటుంది. దాన్ని ఎదిరించలేక ఒకసారి వేసుకున్న మనిషి మొదటికి వచ్చినట్టు కాదు. మెదడు అప్పటిదాకా బాగుపడినదంతా ఒక్కసారితో పోదు, మళ్లీ ఆపాలి. కాకా రెండోసారి మానినప్పుడు ఇంట్లోవాళ్లకు నేను చెప్పిందీ ఇదే: తిట్టకండి, భోజనం అయ్యాక కాసేపు ఆయన పక్కన కూర్చోండి, బజారు పని ఇంకెవరైనా చేయండి.

పొగాకు మానాలనుకునేవాళ్లకు ప్రభుత్వ క్విట్‌లైన్ నంబరు 1800-112-356. మత్తుమందులకు 14446. మనసు బాగోలేనప్పుడు 14416కు చేస్తే టెలి-మానస్ వాళ్లు ఎత్తుతారు. ఆ సేవ అందే భాషల్లో మరాఠీతోపాటు తెలుగు కూడా ఉంది.